వచ్చిన మాట చింపెయ్యాలి

“మజిల్!” అంది అత్త, కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే. “అర్థం?”

“కండ” అంది కోడలు.

“పుట్టుక?”

కోడలు చేతిలోని చొక్కాకు కాజా కుడుతూనే ఉంది. “తెలీదత్తయ్యా.”

మిషను ఆగింది. “నిన్నా తెలీదు, మొన్నా తెలీదు. తెల్లారితే పరీక్ష. ఇంకా తెలీదంటే ఎట్లా? గోడకి చెప్పినా ఈపాటికి అప్పజెప్పేది!”

పరీక్ష ఆసుపత్రిలో ఉద్యోగానికి. డాక్టర్లు చెప్పేది విని టైపు చెయ్యాలి. ఇంగ్లీషు మాటలకు అర్థాలొక్కటే చెబితే సరిపోదు, ఏ మాట ఎక్కడ పుట్టిందో కూడా అడుగుతారు. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు గడుస్తుంది. రాకపోతే ఈ మిషనే దిక్కు. సూదిలో దారం ఎక్కించడానికే అత్తకు ఇప్పుడు కోడలు కావాలి.

అత్త చేతిలోని అట్టముక్క ఆవిడ కొడుకు రాసింది. చొక్కాల దుకాణంలో పనిచేసేవాడు. కొత్త చొక్కాల మడతల్లో పెట్టే అట్టలు ఇంటికి తెచ్చి, ముక్కలుగా కోసి, ముందు ఒక మాట, వెనక దాని అర్థం, పుట్టుక రాసి పెళ్ళానికి చదువు చెప్పేవాడు. అన్నీ తెలుగు అక్షరాల్లోనే. ఎందుకంటే అడగాల్సింది అమ్మ, ఆవిడకు ఇంగ్లీషు రాదు. నియమం కూడా అతను పెట్టిందే: వచ్చిన మాట చింపెయ్యాలి. “కుప్ప తరిగేకొద్దీ నీకు ధైర్యం పెరుగుతుంది” అనేవాడు.

కుప్ప ఇంకా తరగకముందే అతను పోయాడు.

నియమం మాత్రం ఆగలేదు. ఇద్దరికీ ఏడుపు రాలేదు, ఒకరితో ఒకరికి మాటలూ రాలేదు. అత్త అడిగేది, కోడలు చెప్పేది. క్వారంటైన్‌కి మూలం నలభై రోజులు. చిరిగింది. వ్యాక్సిన్ ఆవు పేరు నుంచి వచ్చింది. అదీ చిరిగింది. ముక్కలు గుడ్డపీలికల బుట్టలో పడేవి, బుట్ట నిండితే కోడలే వీధి చివర పారబోసి వచ్చేది. ఏమీ అనిపించేది కాదు. తిమ్మిరెక్కిన కాలిని ఎవరు తొక్కితే మాత్రం ఏం తెలుస్తుంది?

కుప్పలో ఒక్క ముక్కే మిగిలిందని ఈమధ్యే చూసింది కోడలు. బుట్ట అప్పటికే ఖాళీ.

ఆ ఒక్కదాని వెనక అతని గుండ్రటి అక్షరాలు, పక్కన తోక మెలితిప్పిన ఎలుక బొమ్మ. లాటిన్‌లో ఆ మాటకు చిట్టెలుక అని అర్థమట. అది చెప్పడానికి అతను చొక్కా చెయ్యి పైకి మడిచి, పుల్లలాంటి చేతిని బిగించి, “చూడు, చర్మం కింద ఎలుక పరిగెడుతోంది” అన్నాడు. “ఎలుకా? అది చీమరా!” అని అత్తే పగలబడి నవ్వింది. దాన్ని మరిచిపోవడం ఎవరి తరం? కానీ చెబితే అత్త చింపేస్తుంది. అందుకే కోడలు రోజూ తెలీదంటోంది.

ఇదొక్కటీ ఉంచుదాం అత్తయ్యా అని అడగొచ్చు. అడిగితే ఎందుకని చెప్పాలి, చెబితే అతను లేడని నోటితో అనాలి. ఆ పని ఆ ఇంట్లో ఇంకా ఎవరూ చెయ్యలేదు.

“కాస్త ఆలోచించవే” అత్త గొంతు తగ్గించింది. “ఓ జంతువు. చిన్నది.”

“పిల్లి?”

“నీ మొహం! కొండంత కుప్ప తవ్వినదానివి, చివరికి ఎలుకను పట్టలేవా?” అనేసి అత్త నాలుక కరుచుకుంది. ఇంక దాచడానికేం మిగిలింది? వీధిలో పోయేవాణ్ణి పిలిచి అడిగినా చెప్పేస్తాడు. “సరే, నోరు జారాను. ఇప్పుడన్నా చెప్పు. పుట్టుక?”

“తెలీదత్తయ్యా.”

అత్త కళ్ళజోడు తీసింది. “ఇప్పుడు నేనన్న మాట వినపడిందా?”

“వినపడింది.”

“అయినా తెలీదా?”

అత్త లేచి వచ్చి, జ్వరమేమోనని కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“పరీక్ష వద్దులేవే” అంది మెల్లగా. “ఉద్యోగం రాకపోతే పోయింది, కళ్ళు కనిపించినంతకాలం నేనే కుడతాను. వాడు పోయాడు. నీ మతి కూడా పోతే నాకింకెవరున్నారు?”

ఆ మాట ఆ ఇంట్లో వినపడటం అదే మొదటిసారి. ముసలావిడను ఇంత భయపెట్టి ఆ ముక్కను దక్కించుకోవడానికి కోడలికి మనసొప్పలేదు.

“నాకేం కాలేదత్తయ్యా. మజిల్. అర్థం కండ. పుట్టుక, లాటిన్‌లో చిట్టెలుక. బిగిస్తే చర్మం కింద ఎలుక కదిలినట్టు ఉంటుందని ఆ పేరు” గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది.

అత్త కళ్ళజోడు పెట్టుకుని, అట్టముక్కను రెండు చేతులతో పట్టుకుంది. కోడలు గుడ్డపీలికల బుట్ట వైపు చూస్తూ చిరిగే చప్పుడు కోసం కాచుకుంది.

“తప్పు” అంది అత్త. “పరీక్ష రాసి వచ్చాక మళ్ళీ అడుగుతాను.”