అరుంధతి ఎటు వైపు?

మే నెలలో, అదీ నెల్లూరు జిల్లాలో, మెడకి మఫ్లర్ చుట్టుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి జ్వరం. రెండోది మతి.

ప్రత్యూషకి రెండూ వచ్చాయి. కానీ అడగలేదు.

బోగోలు దాటాక సముద్రానికి దగ్గర్లో ఉన్న ఆ యూనివర్సిటీలో ఆమె ఎమ్మెస్సీ చదువుతోంది. ప్రతి నెలా మొదటి శనివారం సాయంత్రం అక్కడి అబ్జర్వేటరీని జనం కోసం తెరుస్తారు. టెలిస్కోపు పక్కన నిలబడి వచ్చినవాళ్లకి ఆకాశం చూపించడం ఆమె డ్యూటీ. ఏడున్నర నుంచి ఇప్పటికి డెబ్బైమందికి గురుగ్రహాన్ని చూపించింది. అరవైమంది "ఇంతేనా?" అన్నారు. మిగిలిన పదిమంది దాంతో సెల్ఫీ వస్తుందా అని అడిగారు.

మఫ్లరాయన వంతు వచ్చింది. అరవై దాటిన మనిషి. ఎవరి పిల్లాడిదో క్రికెట్ టోపీ కళ్లదాకా లాక్కున్నాడు.

"రండి అంకుల్. ఇది గురుగ్రహం. పక్కన నాలుగు చిన్న చుక్కలు కనపడతాయి, అవి..."

"గురుబలం నాకు దండిగా ఉందమ్మా. నువ్వు అరుంధతిని చూపించు."

"ఇవాళ లిస్టులో లేదంకుల్."

"రేపు రాత్రి పెళ్లి. నాకు ఇవాళే కావాలి."

వెనక నిలబడ్డ ఆదిశేషమ్మకి ఒళ్లు మండింది. మొగుడు రంగనాయకుల్ని వెంటేసుకుని కొడవలూరు నుంచి వచ్చిందామె. గంటసేపు వరసలో నిలబడేసరికి మొగుడూ పెళ్లాలకి మూడు గొడవలయ్యాయి. ఒకటి నీళ్ల బాటిల్ గురించి. ఒకటి ఇంటికి తాళం వేశామా లేదా అని. మూడోది, ఆ రెండూ ఎవరు మొదలుపెట్టారన్న దాని మీద.

"ఏందమ్మాయ్, ఈయనొక్కడి కోసం మేమంతా ఈడే తెల్లారబెట్టాల్నా?" అంది.

"పెళ్లంటున్నాడు గదే, చూసుకోనీ పాపం" అన్నాడు రంగనాయకులు.

"లోకంలో అందరి మీదా నీకు జాలే. నా మీద తప్ప."

నాలుగోది మొదలైంది.

ప్రత్యూష గొంతు తగ్గించింది. "అమ్మాయి పెళ్లా అంకుల్?"

మఫ్లరాయన చెమట తుడుచుకున్నాడు. "పెళ్లంతా నా చేతుల మీద జరగాలమ్మా. పెళ్లికూతురేమో బెంగుళూరులో చుక్కల మీద పరిశోధన చేస్తోంది. నిన్న తెగేసి చెప్పింది. 'అందరిలాగా ఊరికే తల ఊపను. అరుంధతి ఉన్న చోట చూపిస్తే కనపడిందంటా. లేకపోతే లేదంటా, మైకులోనే అంటా' అని. ఫోన్లో ఏదో పెట్టుకుని సరిచూస్తుందట. వెయ్యిమంది ముందు నా పరువు పోతుంది."

ప్రత్యూషకి ఆ పెళ్లికూతురు తెగ నచ్చేసింది.

"మీరెందుకు కంగారుపడతారు? చూపించాల్సింది పంతులుగారు కదా. ఆయన చూసుకుంటాడు."

"ఆయన మొహం!" మఫ్లరాయన ఒక్కసారిగా మండిపడ్డాడు. "ఆ మనిషికేం తెలుసమ్మా? జన్మలో అరుంధతిని చూసిన పాపాన పోలేదు. అడిగేవాడు లేక ఇన్నాళ్లూ బండి లాగించేశాడు. ఆయన్ని నమ్ముకుంటే రేపు నేను తలెత్తుకోలేను."

"ఇంత తెలిసీ ఆయన్నే ఎందుకు పెట్టుకున్నారు?"

మఫ్లరాయన టోపీని ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"ఏం చెయ్యనమ్మా. వదిలించుకునే దారి లేదు."

ఆయన గొంతులో దిగులు చూసి ప్రత్యూషకి జాలేసింది. సముద్రం మీంచి మబ్బు లేస్తోంది. ఇంకో పావుగంట పోతే చూద్దామన్నా ఏమీ ఉండదు. వరస వైపు తిరిగి "ఐదు నిమిషాలండీ" అంది. వరస అంతా ఒక్క గొంతుతో తిట్టింది. మోటారు మూలిగింది. డోము మెల్లగా తిరిగింది.

ఆయన కన్ను పెట్టబోతే టోపీ అడ్డమొచ్చింది. అటూ ఇటూ చూసి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మఫ్లరూ విప్పక తప్పలేదు. ఊపిరి బిగబట్టి వంగాడు.

"మూడున్నాయేమ్మా?"

"కాస్త ఎడంగా ఉన్నది అరుంధతి. పెద్దది వశిష్ఠుడు."

"వశిష్ఠుడికి ఆనుకుని ఇంకోటుంది. అదెవరు?"

"అది మామూలు కంటికి కనపడదంకుల్. వశిష్ఠుడు జంట నక్షత్రం."

"ఈ మాట పెళ్లిలో ఎత్తకూడదు" అన్నాడాయన.

కానీ కన్ను తియ్యలేదు. తీసేసరికి ఆ కన్ను తడిగా ఉంది. "ఉందమ్మా. నిజంగానే ఉంది" అన్నాడు.

ప్రత్యూష ఆయన్ని బయట మెట్ల మీదికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించింది. "అదుగో, గరిటెలాగా ఏడు చుక్కలు. కాడలో మధ్యది వశిష్ఠుడు. దాన్ని అంటిపెట్టుకుని సన్నగా అరుంధతి. రేపు ఈ వేళకి ఇక్కడే ఉంటుంది."

"ఇది ఏ దిక్కమ్మా?"

"ఉత్తరం. కావలి వైపు."

"మరి మిగతా నెలల్లో?"

"కనపడితే ఉత్తరం వైపే అంకుల్. ఇంకెటు పోతుంది?"

మఫ్లరాయన మెట్టు మీద కూలబడ్డాడు. ఇంతసేపటి సంతోషం మొహంలోంచి జారిపోయింది. వేళ్ల మీద ఏవో సంవత్సరాలు లెక్కపెట్టబోయి మధ్యలో మానేశాడు.

ఈ ఆలస్యమేంటో కడిగేద్దామని ఆదిశేషమ్మ మొగుణ్ని లాక్కుని బయటికొచ్చింది. నోరు తెరిచి, దీపం వెలుగులో ఆ మొహం చూసి ఆగిపోయింది. ఓసారి మొగుడి వంక చూసింది. మళ్లీ ఆయన వంక చూసింది.

"పంతులుగారూ, మా పెళ్లిలో మీరు సముద్రం వైపు గదా చూపించినారు!"