నాచు దొంగ

డబ్బా మూత తీసిన నీలోత్పల్ తల లోపలికి దూర్చి మరీ చూశాడు. రాత్రి దాకా జుట్టులా ఒత్తుగా వేలాడిన పచ్చటి నాచు లేదు. ప్లాస్టిక్ వల ఒక్కటే బోడిగా మిగిలింది. నాచు పెరగడానికి పెట్టిన ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. పైన గొట్టం చీలికలోంచి నీళ్ళు వల మీదుగా జారుతూనే ఉన్నాయి.

ఆ డబ్బా అతని సొంత తయారీ. బియ్యం పోసుకునే ప్లాస్టిక్ డబ్బాకి కన్నాలు పెట్టి, గొట్టాన్ని రంపంతో పొడుగునా చీల్చి, నాచు పట్టుకునేలా వలని అరచేతులు బొబ్బలెక్కేదాకా గీకి గరుకు చేసి కట్టాడు. పక్కనున్న ఉప్పునీటి అక్వేరియంలో చేపలు వదిలే మలినమంతా ఈ నాచే తినాలి. అది తినడం మొదలుపెట్టాకే, చచ్చిపోతుందనుకున్న పగడపు జీవి మళ్ళీ విచ్చుకుంది. ఇప్పుడు నాచు లేదంటే పగడం పోయినట్టే, దాని వెనకే చేపలూ. తనైతే సగం గీకి, సగం మళ్ళీ పెరగడానికి వదిలేస్తాడు. ఈ దొంగ మొదలంటా పీక్కుపోయాడు.

దొంగెవరో పెద్దగా ఆలోచించనక్కర్లేకపోయింది. తపోబ్రత. అదే బెలేఘాటా పేటలో పక్క వీధిలో ఉంటాడు, అతనికీ ఉప్పునీటి చేపల పిచ్చే. మొన్న గాలిఫ్ స్ట్రీట్ చేపల సంతలో చిటికెడు నాచు పెట్టమని బతిమాలాడు. తన కొత్త వల మీద రుద్దితే తొందరగా అంటుకుంటుందట. నీలోత్పల్ ఇవ్వనన్నాడు. నాచుకి కూడా పిసినారితనమా అంటారేమో, ఈ పిచ్చి ఉన్నవాళ్ళ సంగతి మీకు తెలీదు. సొంత అన్నదమ్ములకి కిడ్నీ అయినా ఇస్తారు గానీ నాచు ఇవ్వరు. ఇవాళ పొద్దున ఇంటికి ఎవరైనా వచ్చారా అని అడిగితే, నువ్వు స్నానంలో ఉండగా తపోబ్రత వచ్చి టీ తాగి వెళ్ళాడని అమ్మ వంటింట్లోంచే చెప్పింది. ఇంకేం కావాలి?

పగడానికి బాగాలేదు, ఒకసారి రమ్మని ఫోన్ చేశాడు. తపోబ్రత చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చాడు. ఆ పరుగు కూడా నీలోత్పల్‌కి అనుమానంగానే కనిపించింది.

"పొద్దున ఎందుకొచ్చావు?"

"కొత్త పంపు చూపిస్తానన్నావుగా."

"మరి నేనొచ్చేదాకా ఆగలేదేం?"

"నువ్వు స్నానానికి దూరితే బయటికొచ్చేదెప్పుడు? టీ తాగి పోయాను."

"ఏదీ, చేతులు చూపించు."

తపోబ్రతకి ఏమీ అర్థం కాలేదు. అయినా చాపాడు. కుడిచేతి గోళ్ళ సందుల్లో పచ్చగా ఉంది.

ఇంక నీలోత్పల్ ఆగలేదు. తపోబ్రత మొదట నవ్వేసి, మా ఇంట్లో అక్వేరియం అద్దం తోముకున్నానురా అన్నాడు. అద్దం మీదిదైతే గోధుమరంగులో ఉండాలి, ఇది నా నాచు రంగేనని నీలోత్పల్ వాదించాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఇచ్చిన టీ తాగి ఆ ఇంటికే కన్నం వేసే రకం అనేశాడు. తపోబ్రత మొహం మాడిపోయింది.

"మొన్న చిటికెడు ఇచ్చి ఉంటే, ఇవాళ నా దగ్గర్నుంచే తెచ్చుకునేవాడివి. ఇచ్చే బుద్ధి లేదు గానీ అనే నోరు మాత్రం ఉంది నీకు" అని చెప్పుల వైపు నడిచాడు.

గుమ్మంలో నీలోత్పల్ తల్లి నందరాణి అడ్డం నిలబడింది. మర్నాడు కాళీపూజ. ముందురోజున పద్నాలుగు రకాల ఆకుకూరలు కలిపి వండుకు తినాలి, తినకపోతే దయ్యాలు పట్టుకుంటాయి. ఆ కూర తినకుండా ఆవిడ కుక్కని కూడా గడప దాటనివ్వదు. పైగా బజార్లో తరిగి అమ్మే పొట్లాలు కొనదు. నాలుగు రకాలు కలిపి పద్నాలుగని అంటగడతారని అనుమానం. ఆ ఇంట్లో అనుమానం తల్లిపాలతోనే వచ్చింది మరి.

"కొట్టుకునేది తర్వాత కొట్టుకోండి, ముందు తినండి" అని ఇద్దర్నీ కూర్చోబెట్టి, వేడన్నంలో కూర వడ్డించి వంటింట్లోకి వెళ్ళింది.

ఇద్దరూ మొహాలు చూసుకోకుండా తిన్నారు. కూర కమ్మగా ఉంది. కోపం వస్తే నీలోత్పల్‌కి ఆకలెక్కువ, పళ్ళెంలో కూరంతా ఊడ్చేశాడు. కానీ మనసు ఊరుకోలేదు.

"ఒరేయ్, నిన్నేమీ అనను. ఎక్కడ దాచావో చెప్పు, సగమైనా ఇచ్చెయ్. పగడం చచ్చిపోతుందిరా."

తపోబ్రత కూర కలిపిన ముద్ద చేత్తో పైకెత్తాడు.

"అన్నం పట్టుకుని చెప్తున్నాను. నీ నాచు నేను ముట్టుకుని ఉంటే ఈ ముద్ద నా గొంతు దిగకూడదు."

ముద్ద దిగింది, హాయిగా దిగింది. కానీ అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి చూసి నీలోత్పల్‌కి సిగ్గేసింది. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాణ్ణి పట్టుకుని ఎంత మాట అన్నాను అనుకున్నాడు.

"తప్పయిపోయిందిరా. మరి ఎవరు తీసినట్టు?"

అప్పుడే నందరాణి గిన్నెతో వచ్చింది. కొడుకు పళ్ళెం ఖాళీగా ఉండటం చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. మారు వడ్డిస్తూ అంది:

"బజారంతా తిరిగినా పదమూడు రకాలే దొరికాయిరా, మట్టి లేకుండా డబ్బాలో పెంచుతున్నావు కదా, పద్నాలుగోది అదే పీక్కొచ్చి వేశాను, చూడు, ఉప్పు కూడా వెయ్యక్కర్లేకపోయింది."