తేనె చుక్క

చంద్రపూర్ ఆస్పత్రిలో ఆ సాయంత్రం తిరుపతమ్మ కోవాబిళ్ల పెట్టని మనిషి లేడు. ఎన్నో ఏళ్లకు కూతురు సౌజన్యకు ఆడపిల్ల పుట్టింది మరి. వరండా చివర మూసి ఉన్న గది వైపు కూడా బయలుదేరితే మరాఠీ నర్సు ఆపింది.

"అటు పోకు మావశీ. ఆ పేషెంట్ పుండు ఏ మందుకూ మానుతలేదు."

రాత్రి సౌజన్య నిద్రపోయాక, నర్సు కంట పడకుండా తిరుపతమ్మ పాప పెదవులకు తేనె చుక్క రాసింది. పాప చప్పరించింది. అమ్మమ్మ మురిసిపోయింది.

అంతలో గోడవారన పాప పక్క వైపు సాగుతున్న నల్లచీమల బారు కనిపించింది. "లక్ష్మి నడిచొచ్చింది గదనే బిడ్డా!" అంటూ కోవా చిదిపి చల్లింది. ఒక్క చీమా ఆగలేదు. వంగి చూస్తే, కొన్నింటి నోట తడి దూదిపోగులు. వాటి మీద పసుప్పచ్చని మరకలు.

"పసుపు గూడ తెచ్చినవా తల్లీ!"

లక్ష్మి ఏ దిక్కు నుంచి వచ్చిందో చూద్దామని, ఫోన్ లైటు పట్టుకుని, జోలపాట పాడుకుంటూ బారు వెంట నడిచింది. వార్డు దాటింది. వరండా చివరిదాకా వచ్చింది. మూసిన తలుపు కింది నుంచి చీమలు వస్తూనే ఉన్నాయి.

పాట ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, వెనక వార్డులో పాప మళ్లీ చప్పరిస్తున్న చప్పుడు వినిపించింది.