కాళ్లు చూసిన కొమ్మత్త

వాన వెలిసీ వెలవని ఒక అడవిలో అరచేయంత సాలీళ్లు రెండు తెగలుగా బతికేవి. చెట్టు తెగ కొమ్మల మీద పట్టుగూళ్లు అల్లుకునేది. నేల తెగ బొరియలు తవ్వుకునేది. బొరియమ్మది నేల తెగ.

ఒకనాడు ఏరు పొంగి బొరియలోకి నీళ్లొచ్చాయి. బొరియమ్మ గుడ్ల సంచిని పొదివి పట్టుకుని, జారుతూ పాకుతూ దగ్గరున్న చెట్టెక్కింది. నడిమి కొమ్మ దగ్గర చురుకయ్య అనే చెట్టు సాలీడు అడ్డం నిలిచాడు.

"ఏ తెగ నువ్వు?"

బొరియమ్మ గుడ్ల సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. "మీ తెగే నాయనా."

తెగలు తేల్చేది ముసలి కొమ్మత్త. ఆవిడ వచ్చి బొరియమ్మ కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. "అరికాళ్లకు చెట్టును పట్టుకునే మెత్తలు లేవు. ఈమెది నేల తెగ" అంది.

బొరియమ్మ తల వాలిపోయింది. "పిల్లల కోసం అబద్ధమాడాను అత్తా. దిగిపోతాను."

"దిగమని ఎవరన్నారే పిచ్చిదానా? మెత్తలు లేని కాళ్లతో తడి బెరడు మీద ఇంతదూరం ఎలా వచ్చావే తల్లీ! ఒరే చురుకయ్యా, చూస్తావేంరా? నా గూటిదాకా పట్టు పరిచెయ్. కాళ్లకు పట్టు దొరకాలి."

చురుకయ్య గబగబా పట్టు పరిచాడు. దానిమీద అడుగులో అడుగేసుకుంటూ బొరియమ్మ గూడు చేరింది. ఎవరినీ ముట్టనివ్వని గుడ్ల సంచిని కొమ్మత్త ఒడిలో పెట్టి, కాళ్లు ముడుచుకుని హాయిగా నిద్రపోయింది.