తలుపు అడిగే మాట

ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఆసుపత్రి తలుపు మనిషిని చూసి తెరుచుకోదు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరైనా వచ్చి "వీళ్లు మావాళ్లే" అని చెప్పాలి. సముద్రం తమ పల్లెను మింగాక ఇటు వచ్చిన ఖాసింపీరాకు అలా చెప్పేవాళ్లు దొరకలేదు. చెప్పినవాళ్లను కూడా మర్నాటి నుంచి ప్రతి తలుపూ సాక్షిని అడుగుతుందని అందరికీ భయం.

మనవరాలు రిజ్వానా ఒళ్లు పెనంలా కాలుతోంది. మాపటి నమాజు ముగించి, పిల్లను భుజాన వేసుకుని ఖాసింపీరా మసీదు మెట్లు దిగాడు. ఎప్పటిలాగే ఓబులమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని అక్కడ నిలబడి ఉంది.

"సాయిబు మామా, వీడు పొద్దుట్నుంచి ఒకటే ఏడుపు. రోంత ఊదు."

దువా చదివి చంటివాడి ముఖం మీద ఊదాడు. వాడు ఏడుపు మానాడు.

"నీ నోరు మంచిది మామా."

"నీ నోరూ మంచిదే తల్లీ. ఆ తలుపుకాడికొచ్చి ఒక్క మాట చెప్పు. పిల్ల కండ్లు తెరవడం ల్యా."

ఓబులమ్మ రిజ్వానా నుదురు తాకింది. "అయ్యో, ఎంత కాలుతాందో!" అని కొడుకును కొంగు కింద దాచుకుంది. "మా ఇంట్లో ఒప్పుకోరు మామా. నువ్వే ఊదు, తగ్గిపోతాది."

ఆమె వెళ్లిపోయాక ఖాసింపీరా ఆసుపత్రి ముందు కూర్చున్నాడు. అద్దం అవతల నర్సమ్మ చూస్తూనే ఉంది. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని గొంతు ఎండేదాకా ఊదాడు. తలుపు మాత్రం మర్యాదగా మళ్లీ మళ్లీ అడుగుతోంది:

"మీరు ఎవరి తాలూకండీ?"