తెలిసిన ముఖం

"ఈ అమ్మాయి ఎవరో తెలుసా మీకు?" అని కొత్త నర్సుని చూపిస్తూ డాక్టర్ పెంబర్టన్ అడిగాడు.

మంచం మీదున్న ఐనో కోస్కెలా తల తిప్పి చూసింది. ముసలి ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"తెలియకపోవడమేంటి? మా మారిట్. ఇంతకు ముందు నేనున్న వృద్ధాశ్రమంలో నా కాలి పుండుకి కట్టు కట్టేది. జడ కూడా అల్లేది."

మారిట్ పక్కనే లొరేన్ నిలబడి ఉంది. కొత్త నర్సుల శిక్షణ ఆవిడ చేతి కిందే. చదువు ముగించి ఇంకెక్కడా నర్సుగా పనిచేయని వాళ్ళకే ఆ శిక్షణలో చోటు. వృద్ధాశ్రమంలో ఏడాది చేసిన ఉద్యోగం దాచిపెట్టి మారిట్ ఇక్కడ చేరింది.

అక్కడ పనిచేశావా అని లొరేన్ అడిగింది.

"లేదండీ. ఈవిడని చూడడం ఇదే మొదటిసారి."

ఐనో నొచ్చుకోలేదు, వాదించలేదు. తన రెండు చేతులూ ఎత్తి, అవి తనవేనా అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది.

బయటికి వచ్చాక డాక్టరు నిట్టూర్చాడు. మతి పరీక్షలో మిగతా ప్రశ్నలకి ఐనో జవాబులు ఫరవాలేదనిపించాయట. అడవి అంచున ఉన్న ఆవిడ ఇంటికే పంపేద్దామనుకున్నాడట. లేని పరిచయాలు కల్పించుకునే మనిషిని కట్టెల పొయ్యి దగ్గర ఒంటరిగా ఎలా వదలడం? మతిమరుపు వాళ్ళని ఉంచే తాళాల వార్డుకి పంపక తప్పదన్నాడు.

ఆ రోజంతా మారిట్ ఏ గదిలోకి వెళ్ళినా మంచం మీద ఐనోయే కనిపించింది. ఎవరు పిలిచినా "మా మారిట్" అన్నట్టే వినిపించింది. ఇంటికి వెళ్ళి అద్దం ముందు తల దువ్వుకుంటుంటే వేళ్ళు వాటంతటవే పాయలు తీశాయి. అవి తన జుట్టు కోసం కదలడం లేదని ఆమెకు తెలుసు. దువ్వెన కింద పడేసింది.

తెల్లవారాక డాక్టరునీ లొరేన్‌నీ వెంటబెట్టుకుని ఐనో గదికి వచ్చింది.

"నిన్న నేను అబద్ధం చెప్పాను. ఈవిడ చెప్పిందే నిజం. ఏడాది పాటు ఈవిడ నర్సుని నేనే."

లొరేన్ మారిట్ వైపు తిరిగింది.

"అదే నిజమైతే ఈ పూటే నిన్ను పంపించెయ్యాలి. తెలిసే చెబుతున్నావా?"

"తెలిసే."

"ఈవిడ మీద జాలితో చెప్పట్లేదు కదా?"

మారిట్ తల అడ్డంగా ఊపింది. డాక్టరు మంచం దగ్గరికి జరిగి వంగాడు. నిన్న తనే పొరబడ్డానని ఒప్పుకున్నాడు. ఈ ఒక్క మాటా మళ్ళీ చెబితే ఇంటికి వెళ్ళిపోవచ్చని విడమరిచి చెప్పాడు.

"చెప్పండి, ఈ అమ్మాయి ఎవరు?"

ఐనో మారిట్ వైపు చూసింది. ఏడ్చి ఉబ్బిన కళ్ళూ, వణుకుతున్న పెదాలూ చూసింది. కిటికీ అవతల ఇంటి దారిన కమ్ముకున్న పొగమంచు చూసింది. దుప్పటి కింద నుంచి చెయ్యి చాపి, ఎవరికీ కనబడకుండా మారిట్ వేళ్ళు గట్టిగా నొక్కి వదిలేసింది.

"ఎవరో పాపం, మంచి పిల్లలాగే ఉంది. నేనెప్పుడూ చూళ్ళేదు, డాక్టర్."