రౌతు తిరిగి వస్తాడా?

"సబీత్ అంటే ఎవరు బాబూ?"

కంప్యూటర్ క్లబ్బు తలుపు దగ్గర నిలబడి అడిగాడు పెద్దాయన. టోపీ మీద మంచు ఇంకా కరగలేదు.

"నేనే బాబాయ్. తలుపేసి రండి, చలి," అన్నాడు సబీత్, తెర మీంచి చూపు తిప్పకుండా.

కరగందా పట్టణంలో 'ఏడు కనుమలు' అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్లందరికీ సబీత్ పేరు తెలుసు. ఆ ఆటలో కథ నెలకో మలుపు తిరుగుతుంది. రాబోయే మలుపును ముందే ఊహించి నెట్‌లో రాయడంలో అతన్ని మించినవాడు లేడని అందరూ అంటారు. అందరికంటే ఎక్కువగా అతనే అంటాడు.

ఈసారి తగువంతా తెల్లడేగతో తిరిగే గుర్రపు రౌతు గురించి. పోయిన నెల ఆ రౌతు మంచుతుఫానులో ఏడో కనుమ దాటి మాయమైపోయాడు.

తిరిగి వస్తాడని సబీత్. రాడని దిదార్.

దిదార్‌ది జెజ్కాజ్గాన్ అనే దూరపు ఊరు. ఇద్దరూ ఏనాడూ ఎదురెదురుగా కలుసుకోలేదు. కానీ నాలుగేళ్లుగా రోజూ ఆటలో కలిసి తిరుగుతూ, తిట్టుకుంటూ, తిన్నావా పడుకున్నావా అని పలకరించుకుంటూ పెరిగారు. సబీత్‌కి అంతకంటే దగ్గరివాడు లేడు. ఊహల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం.

శుక్రవారం కొత్త కథ వస్తుంది. దాన్ని ఇద్దరూ కలిసి చూడాలని ఒప్పందం. సరిగ్గా ఇప్పుడే దిదార్ వారం నుంచి పత్తా లేడు. ఓడిపోతానని భయపడి దాక్కున్నాడని సబీత్‌కి ఒళ్లుమంట. ముందు వాడే పలకరించాలని బిగుసుకుని కూర్చున్నాడు.

పెద్దాయన పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ రౌతు... తిరిగి వస్తాడంటావా బాబూ?"

సబీత్ ఛాతీ ఉబ్బింది. తన రాతలు చదివి మనుషులు వెతుక్కుంటూ వస్తున్నారన్నమాట!

"ఏ ఊరు బాబాయ్?"

"జెజ్కాజ్గాన్."

"అబ్బో! దీనికోసం రాత్రంతా రైల్లో కూర్చున్నారా? ఒరేయ్, చూశారా, నా పేరు ఎక్కడిదాకా పాకిందో!"

చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు.

"వస్తాడు బాబాయ్, రాసిపెట్టుకోండి. పోయిన నెల కథ చివర్లో తెర చీకటయ్యాక డేగ కాలిగంట వినిపించింది. గంట మోగిందంటే డేగ ఉంది. డేగ ఉందంటే రౌతు ఉన్నాడు."

"గాలికి కూడా మోగుతుంది కదా నాయనా గంట."

"ఇదిగో, దిదార్ గాడూ ఇదే పాట పాడతాడు! మీ ఊరి నీళ్లే అలాంటివా ఏంటి?"

పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మెల్లగా మొదలుపెట్టాడు.

"రెండు డేగలు ఉండేవి. వేరువేరు గూళ్లు. అయినా జతగా ఎగిరేవి. ఒకదానికి పుట్టుకతోనే రెక్కలో సత్తువ లేదు. ఆ సంగతి రెండోదానికి చెప్పలేదు. చెబితే తన కోసం నెమ్మదిగా ఎగురుతుందని. మొన్న మంచులో అది కనుమ దాటిపోయింది. రెండోది ఇంకా ఎదురుచూస్తోంది."

అక్కడ ఆపి, సబీత్ కళ్లలోకి చూశాడు.

సబీత్ పకపకా నవ్వాడు.

"బాబాయ్, ఆటలో రెండో డేగ లేనే లేదు! కథే తెలీకుండా ఊహలు చెప్పేస్తే ఎలా?"

క్లబ్బంతా నవ్వింది.

"నన్నేమీ అడగవా బాబూ?"

"మిమ్మల్ని అడిగేదేముంది? ఊరెళ్లాక ఆ దిదార్ గాడు కనిపిస్తే మాత్రం చెప్పండి, పిరికిపంద అన్నానని."

పెద్దాయన టోపీ పెట్టుకున్నాడు. తర్వాత సబీత్ వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంట్లో నూనెలో వేయించిన వేడి పిండి ఉండలు, బౌర్సాకులు, నములుతూ ఈ ముచ్చటంతా నానమ్మకు చెప్పి నవ్వాడు సబీత్.

నానమ్మ నవ్వలేదు. టీ పోయబోయినదల్లా ఆగిపోయింది.

"ఏమీ అడగవా అన్నాడా?"

"ఆఁ."

"నువ్వు అడగలేదా?"

"ఏం అడగాలి?"

"ఒరేయ్ మొద్దూ! చావుకబురు మనవాళ్లు మొహాన కొట్టినట్టు చెబుతారట్రా? ఇలాగే, ఏ పక్షి మీదో గుర్రం మీదో పెట్టి చెబుతారు. విన్నవాడే గ్రహించి, పోయాడా అని అడగాలి. అడిగేదాకా ఆ మాట చెప్పేవాడి నోట రాకూడదు. మీ తాత కబురు నాకు అలాగే తెచ్చారు."

సబీత్ చేతిలోని బౌర్సాకు పక్కన పెట్టేశాడు.

"ఆయన... వాళ్లింటి మనిషా?"

"ఇంటివాళ్లకు అంత గుండె ఎక్కడిదిరా? ఊళ్లో మాటనేర్పున్న పెద్దమనిషినెవరినో బతిమాలి పంపుంటారు. పాపం, ఏ తల్లి కన్నబిడ్డో, ఇంత చలిలో వచ్చాడు."

సబీత్ కోటు గుండీలైనా పెట్టుకోకుండా స్టేషన్‌కి పరిగెత్తాడు.

జెజ్కాజ్గాన్ రైలు ఇంకా రాలేదు. పెద్దాయన ఒక బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"బాబాయ్... దిదార్ పోయాడా?"

"పోయాడు నాయనా. పుట్టుకతోనే గుండెజబ్బు. నీకు మాత్రం తెలియనివ్వొద్దనేవాడు."

సబీత్ ఆయన్ని గట్టిగా పట్టుకుని భోరుమన్నాడు. నాలుగేళ్ల స్నేహితుడు మట్టిలో ఉంటే, తాను వాడి మీద అలిగి కూర్చున్నాడు.

"వాడికి ఈమాన్ తోడుండాలి," అని పోయినవాళ్ల కోసం అనే మాట అన్నాడు వెక్కుతూ. "మీరు పరాయివాళ్లయి ఉండి కూడా ఇంతదూరం వస్తే, నవ్వి పంపేశాను. నన్ను క్షమించండి బాబాయ్. వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. దిదార్ లాంటివాడు నాకు మళ్లీ దొరకడని చెప్పండి. మర్చిపోకుండా చెబుతారుగా?"

రైలు వస్తోందని మైకులో చెప్పారు. పెద్దాయన వంగి సబీత్ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టాడు.

"వేరే చెప్పనక్కర్లేదు నాయనా," అన్నాడు, "వాడి నాన్న వింటూనే ఉన్నాడు."